వ్యాన్ ఆగిన ఏడాది

నేను రిటైరై కొన్నేళ్లయింది. సంగారెడ్డిలో మా ఇంటి వెనక సందులో ఇంజనీరింగ్ చదివే పిల్లలు కిరాయి గదుల్లో ఉంటారు. పటాన్‌చెరు దగ్గర బోరు మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను హెచ్చార్‌లో పనిచేశానని వాళ్లకు ఎవరో చెప్పారు. అప్పటినుంచి ఇంటర్వ్యూలు దగ్గర పడితే చాలు, ఒకరో ఇద్దరో వచ్చి మా వరండాలో కూర్చుంటారు. చాలామంది అడిగేది ఒకటే. "ఆంటీ, నడుమ ఒక ఏడాది గ్యాప్ ఉన్నది. ఏమని చెప్పాలె?"

దానికి నా దగ్గర తయారు జవాబు లేదు. ఒక అమ్మాయి సంగతి ఉంది. అది విని వాళ్లకు ఉపయోగపడిందో లేదో నాకు తెలియదు. కొందరు విని లేచి వెళ్లిపోయారు, కొందరు మళ్లీ వచ్చారు.

నేను చేరినప్పుడు మా గది మీద పర్సనెల్ డిపార్ట్‌మెంట్ అని ఉండేది. తరవాత ఆ బోర్డు తీసి హెచ్చార్ అని పెట్టారు. కుర్చీ, బల్ల, పని మారలేదు. ఏటా కొంతమంది కొత్త ఇంజనీర్లను ట్రైనీలుగా తీసుకునేవాళ్లం. ఇంటర్వ్యూలో మేం ముగ్గురం కూర్చునేవాళ్లం. ప్రొడక్షన్ మేనేజర్ గోదావరి వైపు మనిషి. గొంతు పెద్దది, ఓపిక చిన్నది. ఏ ప్రశ్నకైనా ఒక్క ఊపిరిలో జవాబు రావాలంటాడు. క్వాలిటీ చూసే పెద్దాయనది సదాశివపేట. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చాయ్ తాగుతాడు. వాళ్లిద్దరూ చదువు గురించి అడిగితే, షిఫ్టుల్లో పనిచేస్తారా, ఇంట్లో ఎవరెవరున్నారు, ఈ ఏడాది ఎందుకు ఖాళీగా ఉంది అని నేను అడిగేదాన్ని.

ఆ రోజుల్లో గ్యాప్ ఉన్న పిల్లలందరికీ టైఫాయిడే. కాలేజీల్లో వాళ్ల సార్లు అలాగే నేర్పించి పంపేవాళ్లు. "టైఫాయిడ్ ఏడాదంతా ఉంటుందా బాబూ?" అని ఒక అబ్బాయిని అడిగితే, "తగ్గి మళ్లీ వచ్చింది మేడమ్" అన్నాడు, కళ్లు పైకప్పు మీద పెట్టి. సబ్జెక్టులు పోయి ఉంటాయి, లేకపోతే హాజరు తక్కువై ఆపేసి ఉంటారు. అది మాకు తెలుసు. మాకు తెలుసని వాళ్లకూ తెలుసు. ఆ అబ్బాయి మోటార్ల గురించి బాగా చెప్పాడు. తీసుకున్నాం.

అతని తరవాత వచ్చిన అమ్మాయిది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. ఎలక్ట్రికల్. తండ్రి వ్యవసాయం చేస్తాడు. అడిగినవాటికి నెమ్మదిగా, ఒకటి రెండు చోట్ల తప్పుగా, మిగతావి సరిగ్గా చెప్పింది. తప్పు చెప్పినచోట "ఇది నాకు సక్కగ తెల్వది సార్" అని ముందే అంది. క్వాలిటీ పెద్దాయన కప్పు పక్కన పెట్టి వినడం మొదలుపెట్టాడు. ఆయన కప్పు పక్కన పెట్టాడంటే నచ్చినట్టు.

నా వంతు వచ్చింది.

"రెండో ఏడుకు, మూడో ఏడుకు నడుమ ఒక ఏడాది లేదు గదమ్మా?"

"అవును మేడమ్. వ్యాన్ బందైంది."

"ఏ వ్యాన్?"

"కాలేజీ వ్యాన్. మా దిక్కు ఊర్లకొచ్చేది."

ప్రొడక్షన్ మేనేజర్ గట్టిగా నవ్వాడు. "వ్యాన్ ఆగితే చదువు ఆపేస్తారా అమ్మా ఎవరైనా? బస్సులు లేవా మీ ఊరికి?"

"ఉన్నది సార్. కాలేజీ షురువైనంక వస్తది."

ఆ అమ్మాయి చెప్పింది ఇది. వాళ్ల వైపు నుంచి వెళ్లే సీనియర్లందరి చదువూ ఒకేసారి అయిపోయింది. తను ఒక్కతే మిగిలింది. ఒక్కరికోసం వ్యాన్ నడపలేమని కాలేజీ వాళ్లు చెప్పేశారు. ఆ దారిలో పదిమంది ఉంటే నడుపుతామన్నారు.

"హాస్టల్ ఉండాలే మీ కాలేజీకి?" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్.

"ఉన్నది సార్."

"మరి?"

"పోలే సార్."

"అదే, ఎందుకు పోలేదు?"

"పోలే సార్." ఈసారి బల్ల వైపు చూసి అంది. ఆయనకు అది పొగరుగా కనిపించింది. కాగితం మీద ఏదో గీశాడు.

"సరే, ఏడాదంతా ఇంట్లో కూర్చుని ఏం చేశావు?"

"కూసోలే సార్. పదిమందిని తయారుచేసిన."

మాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాం. చుట్టుపక్కల ఊళ్లలో ఇంటర్ చదివేవాళ్ల ఇళ్లకు తిరిగిందట. మధ్యాహ్నాలు తల్లులతో మాట్లాడేది, సాయంత్రాలు తండ్రులతో. ఎంట్రెన్స్‌లో ర్యాంకు రాకపోతే సీటు రాదు, సీటు రాకపోతే వ్యాన్ రాదు. అందుకని సెలవుల్లో వాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి లెక్కలు చెప్పింది. మరుసటి ఏడు ఆ పిల్లలు ఆ కాలేజీలోనే చేరారు. వ్యాన్ మళ్లీ వచ్చింది. వాళ్లు మొదటి ఏడాదికి, ఈమె మూడో ఏడాదికి అదే వ్యాన్‌లో పోయారు.

ఆమె బయటికి వెళ్లాక ప్రొడక్షన్ మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "కథ బాగుంది. నమ్మేలా లేదు. రేపు మన ఫ్యాక్టరీ బస్సు ఆగిందనుకోండి, ఈవిడ మనకూ పదిమందిని తీసుకొస్తానంటుందేమో."

"తెస్తే మంచిదే గద సాబ్," అన్నాడు క్వాలిటీ పెద్దాయన. "నా టెస్టింగ్‌ల మనుషులు తక్కువున్నరు."

ముగ్గురిలో ఇద్దరం సరేనన్నాం. పేరు పైకి పంపాం.

మా హెడ్డాఫీసు వేరే ఊళ్లో ఉండేది. అక్కడ పిల్లల వివరాలు సరిచూసే పని ఒక కుర్రాడిది. తెలుగువాడే, మర్యాదస్తుడు. రెండు వారాల తరవాత ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ గ్యాప్ ఉన్న అమ్మాయి ఫైలు ఆగింది. కారణం ట్రాన్స్‌పోర్ట్ అని రాశారు. మా సిస్టంలో ఆ కారణం లేదు."

"ఏమున్నయి బాబూ?"

"అనారోగ్యం ఉంది, కుటుంబంలో ఎవరైనా పోవడం ఉంది, పై పరీక్షలకు చదవడం ఉంది. ఏదైనా సరే, దానికి రుజువుండాలి. పోనీ వ్యాన్ ఆపినట్టు కాలేజీ నుంచి రాయించుకురమ్మనండి."

కాలేజీ రాయలేదు. విద్యార్థిని తన ఇష్టంతో మానేసిందని మాత్రం రాసిస్తామన్నారట. వాళ్ల తిప్పలు వాళ్లవి. వ్యాన్ ఆపామని తమ చేత్తో ఎవరు రాసిస్తారు?

ఆ అమ్మాయిని పిలిపించాను. నా గదిలో కూర్చుంది. నేను తిన్నగా చెప్పాను. "మెడికల్ సర్టిఫికెట్ ఏమన్న ఉంటే ఇయ్యమ్మా. ఫైలు అయిపోతది." ఈ మాట అన్నందుకు అప్పుడు ఏమీ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఫైళ్లు కదిలించడానికే నాకు జీతం ఇచ్చేవాళ్లు.

ఆమె బ్యాగు తెరిచింది. సర్టిఫికెట్ ఉంది! ఇంటర్వ్యూలకు ముందు కాలేజీలో ఒక సారు గ్యాప్ ఉన్నవాళ్లందరికీ తెప్పించి ఇచ్చాడట. ఈమెకు కామెర్లు రాయించాడు. డాక్టరు ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. బల్ల మీద పెట్టింది. నేను చెయ్యి చాచాను. ఆమె దాని మీద నుంచి అరచెయ్యి తీయలేదు.

"ఇది ఇస్తే అయిపోతదని నాకెరుకే మేడమ్. కని ఆ ఏడు నేను మంచంల పన్నట్టు అయితది."

"అయితే ఏమైతది?"

"నేను పండలే మేడమ్. ఎండల తిరిగిన. మంది ఇండ్లల్ల మాటలు పడ్డ. ఒకామె నా మీదికి చాటెత్తింది. గదంత చేసి, జాండిసొచ్చి పన్నదని నేనే సంతకం పెట్టాల్నా?"

నాకు చిరాకేసింది. ఆ రోజు నా బల్ల మీద ఇంకా చాలా ఫైళ్లున్నాయి. "ఎవరు చదువుతరమ్మా దాన్ని? లోపల పెట్టి మూసేస్తరు. వాళ్లకు కాగితమే కావాలె. మనుషులు చెప్తే నడవది."

"మనుషులు చెప్తే ఎందుకు నడవది మేడమ్?"

అదేమంత గొప్ప ప్రశ్న కాదు. సోమవారం ఆఖరు తేదీ అని చెప్పి పంపేశాను. ఆమె సర్టిఫికెట్ మడిచి బ్యాగులో పెట్టుకుని పోయింది. సోమవారం నాటికి బుద్ధి తెచ్చుకుని ఇస్తుందనే అనుకున్నాను.

సోమవారం పొద్దున ప్రొడక్షన్ మేనేజర్ నా గదిలో కూర్చుని, రాత్రి షిఫ్టుకు మనుషులు సరిగ్గా రావడం లేదని అరుస్తున్నాడు. గేటు దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మా సెక్యూరిటీ అతనిది ఒడిశా. సగం హిందీ, సగం తెలుగు.

"మేడమ్, గేట్ కే సామ్నే కాలేజ్ గాడీ ఆగింది. లడ్కీ లోగ్ దిగుతున్నరు. మీ పేరు చెప్తున్నరు."

నేను బయల్దేరితే, తమాషా చూద్దామని ప్రొడక్షన్ మేనేజరూ వెంట వచ్చాడు.

గేటు ముందు పసుపు వ్యాన్. దాని వెనక మా ఫ్యాక్టరీలోకి రావలసిన రాగి తీగల లారీ ఒకటి, దాని వెనక ఇంకో లారీ. హారన్లు మోగుతున్నాయి. వ్యాన్ డ్రైవర్ నెరిసిన గడ్డం ఉన్న పెద్దమనిషి. పిల్లలు చాచా అంటున్నారు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "జల్దీ జల్దీ కానియ్యుండ్రమ్మా, మొదటి క్లాసు పోతది, నన్ను తిడతరు" అంటున్నాడు. టిఫిన్ బ్యాగులు పట్టుకుని అమ్మాయిలు, వాళ్ల వెనక ఇద్దరు మగపిల్లలు వరసగా నిలబడ్డారు. ఈ అమ్మాయి వాళ్లకు దూరంగా గోడ దగ్గర నిలబడి ఉంది. ముఖం కందిపోయింది.

"నేను తోల్కరాలే మేడమ్. మొన్న చాచాకు ఉత్తగ చెప్పిన, గంతే. ఆయన అందరికి చెప్పిండు."

మొదట ఉన్న పొడుగమ్మాయి అందుకుంది. "అక్క నిజమే చెప్పింది మేడమ్. మా ఇంటికి మస్తుసార్లొచ్చింది. మా అమ్మ అక్కను చూస్తే తలుపేసేది. అక్క బయట గద్దె మీద కూసునేది. ఇగ ఎండకు జాలేసి మా అమ్మే లోపటికి పిలిచింది."

"చాటెత్తింది మా అమ్మనే," అంది వెనక నుంచి ఇంకో పిల్ల. మిగతావాళ్లు నవ్వారు.

ప్రొడక్షన్ మేనేజర్ ఊరుకోలేదు. "మీ అక్క తన వ్యాన్ కోసం తిరిగిందమ్మా. మీ కోసం కాదు. తెలుసా మీకు?"

"తెలుసు సార్," అంది పొడుగమ్మాయి. "అక్క మొదటి దినమే చెప్పింది. నాకు వ్యాన్ కావాలె, మీకు చదువు కావాలె, కలిసి పోదాం అన్నది."

అప్పుడు డ్రైవర్ పక్క సీట్లోంచి ఒకాయన దిగాడు. భుజం మీద తువ్వాల, కాళ్లకు చెప్పులు, ఇస్త్రీ మడతలు పోని తెల్ల చొక్కా. ఆ అమ్మాయి "నాయినా, నువ్వు రావద్దంటి గద" అంది. ఆయన వినిపించుకోలేదు. నాకు దండం పెట్టాడు.

"మేడమ్, హాస్టల్ ఉండె. నేనే పంపలే. బిడ్డను కన్నుల ముందటికెల్లి పంపుడు నాతోని కాలే. ఏం భయమంటే చెప్పరాదు నాకు. ఏడాది ఇంట్ల ఉంటే చదువు మర్శిపోతదనుకున్న, సంబంధం సూద్దామనుకున్న. ఇది ఊరూరు తిరుగుడు వెట్టింది. నాతోని కొట్లాడలే, ఏడ్వలే. పొద్దుగాల లేస్తది, పోతది. మా బిడ్డ ఈ ముచ్చట మీకు చెప్పలేదంట గద. నేను చెప్తున్న. రాసుకోండ్రి."

"నాయినా, ఇగ సాలు," అందామె.

"సాలదు. కాగితం అడుగుతుండ్రంటివి. నా మాట రాసుకుంటే కాగితమే అయితది గద?"

లారీ వాళ్లు మళ్లీ హారన్ కొట్టారు. చాచా ఇంజన్ ఆన్ చేశాడు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. తండ్రి మళ్లీ ముందు సీట్లో కూర్చున్నాడు. వ్యాన్ పోయాక గేటు దగ్గర మేం ముగ్గురం మిగిలాం. ప్రొడక్షన్ మేనేజర్ ఆ అమ్మాయి వైపు చూడకుండా, "హాస్టల్ సంగతి ఆ రోజు చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు. ఆమె, "మా నాయిన ముచ్చట ఇంటర్వ్యూల ఎందుకు సార్" అంది.

హెడ్డాఫీసుకు ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి జరిగిందంతా చెప్పాం. ఆ కుర్రాడు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"చాలా బాగుంది మేడమ్, నిజంగా. కానీ రేపు ఆడిట్ వాళ్లు అడిగితే నేనేం చూపించాలి?"

"మనిషి గేటు దగ్గర నిలబడి చెప్పాడయ్యా!" అని ప్రొడక్షన్ మేనేజర్ బల్ల మీద గుద్దాడు. ఇంటర్వ్యూలో నమ్మలేదన్న మనిషి.

"నేను నమ్ముతున్నాను సార్. నమ్మకానికి సిస్టంలో జాగా లేదు."

అతని పైవాళ్లతోనూ మాట్లాడాం. కుదరదన్నారు. సాయంత్రానికి రాతపూర్వకంగా కూడా వచ్చింది. ఆ కుర్రాడి మీద నాకు అప్పుడూ కోపం లేదు. అతని ఉద్యోగం అతను చేశాడు.

ప్రొడక్షన్ మేనేజర్ క్వాలిటీ పెద్దాయనను నా గదికి పిలిపించి అన్నాడు. "టెస్టింగ్‌లో డిప్లొమా వాళ్ల పోస్టు ఒకటి ఖాళీగా ఉంది కదా? దానికి హెడ్డాఫీసు ఎందుకు, మనమే ఇచ్చుకోవచ్చు." క్వాలిటీ పెద్దాయన తలూపాడు. "గ్రేడ్ తక్కువ సాబ్, పని గదే."

ఆ అమ్మాయికి నేను ఏదీ దాచకుండా చెప్పాను. జీతం చాలా తక్కువ. ఇంజనీరింగ్ చదివినా హోదా డిప్లొమా వాళ్లదే. తనతోపాటు ఇంటర్వ్యూకు వచ్చిన అబ్బాయిలు తన పైన ఉంటారు. ఇష్టం లేకపోతే వద్దని చెప్పు, ఈ రోడ్డు మీద వేరే కంపెనీలున్నాయి అన్నాను. ఒక రోజు ఆలోచించుకుంటానంది. మర్నాడు వచ్చి ఒకటే అడిగింది.

"ఇంజనీర్ పోస్టు పడితే నన్ను అడుగుతరా మేడమ్?"

"అప్లై చేసుకోవచ్చు. ఇస్తరని మాట ఇయ్యను."

"అప్లై చేసుకోనిస్తే చాలు."

చేరింది. తండ్రి ఫ్యాక్టరీకి దగ్గర్లో ఇస్నాపూర్‌లో గది చూసిపెట్టాడు. ఇంకో కంపెనీలో పనిచేసే ఇద్దరమ్మాయిలతో కలిసి ఉండేది. బిడ్డను కళ్ల ముందు నుంచి పంపలేనన్న మనిషి, గదికి రంగు వేయించి, తలుపుకు కొత్త గడియ బిగించి వెళ్లాడని తరవాత ఆమే చెప్పింది.

టెస్టింగ్‌లో మోటార్లను నీళ్ల తొట్టిలో దించి నడిపించి చూస్తారు. రోజంతా చప్పుడు, తడి. ఆమె పని ఆమె చేసుకునేది. ఆమె రాసిన రిపోర్టుల మీద షిఫ్ట్ ఇంజనీర్ సంతకం ఉండాలి. ఆ షిఫ్ట్ ఇంజనీరు మా టైఫాయిడ్ అబ్బాయే. అతను మంచి ఇంజనీరే అయ్యాడు. ఆ సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఇంటర్వ్యూలో ఒక అబద్ధం ఆడినవాడికి పని రాకూడదని ఎక్కడా లేదు.

ఒకసారి క్యాంటీన్‌లో ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నేనే అడిగాను, కోపం రాదా అని.

"ఎందుకు రాదు మేడమ్, వస్తది. గా సర్టిఫికెట్ ఇచ్చుంటే అయిపోతుండె గద అనిపిస్తది. జీతం పడ్డ దినం మరీ అనిపిస్తది."

"మరి?"

"రెండు మూడు దినాలైతే పోతది. మల్ల నెలకు వస్తది." చెప్పి, పప్పు ఇంకాస్త వేయించుకోవడానికి లేచింది.

మా వరండాకు వచ్చే పిల్లలు ఇక్కడ ఆపుతారు. "అయితే నిజమే చెప్పాలంటరా ఆంటీ?" అని. నేను చెప్పమనీ అనను, వద్దనీ అనను. ఆమెకు ఎంత ఖర్చయిందో చెప్తాను. జీతంలో కొంత, హోదాలో కొంత, మూడేళ్ల పాటు వేరేవాళ్ల సంతకం కోసం చూడటం. అంత పెట్టుకోగలనని అనిపిస్తే పెట్టుకోండి. లేదంటే మీ ఇష్టం. నేను ఇప్పుడు ఏ ఫైలూ చూడటం లేదు.

నేను రిటైరయ్యే ముందు ఏడు, టెస్టింగ్‌లో ఇంజనీర్ పోస్టు పడింది. ఆమె అప్లై చేసింది. క్వాలిటీ పెద్దాయన అప్పటికే రిటైరై వెళ్లిపోయాడు. ప్రొడక్షన్ మేనేజర్ ఉన్నాడు. ఈసారి హెడ్డాఫీసు గ్యాప్ గురించి అడగలేదు. లోపల పనిచేసే మనిషి పాత చదువు ఎవరికీ అక్కర్లేదట, అదీ రూలేనట. ఇంటర్వ్యూ బాగానే చేసింది. పోస్టు వచ్చింది.

ఉత్తర్వు నేనే ఇచ్చాను. నిలబడే ఒకసారి చదివింది, కూర్చుని ఇంకోసారి చదివింది. ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా అని అడిగింది. నా గదిలోంచే చేసింది. పొలంలో ఉన్నాడేమో, తండ్రి గట్టిగా మాట్లాడుతున్నాడు. ప్రతి మాటా నాకు వినపడింది.

"నాయినా, ఇంజనీర్ అయిన."

అటునుంచి పక్కన ఇంకెవరివో గొంతులు కూడా వినపడ్డాయి.

"ఇయ్యాల అయినవా?"

"అవు. ఇప్పుడే కాగితం ఇచ్చిండ్రు."

"మెల్లగ మాట్లాడు బిడ్డా," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "ఊళ్లె మొదటి దినం నుంచే ఇంజనీర్ అని చెప్పుకున్న."